ఛార్జింగ్ మర్చిపోయిన రోజు కూడా పనికొచ్చేదే ముందు: సైకిల్ సామగ్రిలో ఏది ఎంచుకోవాలి

సైకిల్ కొన్నాకే అసలు ఖర్చు మొదలవుతుంది. లైటు, హెల్మెట్, అద్దం, రాడార్, కంప్యూటర్, పంపు, తాళం... ఒక్కోదాంట్లో పది రకాలు. కొనేముందు మనం చూసే వీడియోలు దేనికి ఎన్ని ఫీచర్లున్నాయో చెబుతాయి. ఆర్నెల్ల తర్వాత ఏది ఇంకా సైకిల్ మీద ఉంటుందో, ఏది డ్రాయర్లోకి పోతుందో మాత్రం చెప్పవు. అందుకే ఏదైనా ఎంచుకునేటప్పుడు నేను ముందు వేసుకునే ప్రశ్న ఒకటే. బద్ధకంగా ఉన్న రోజు, ఛార్జింగ్ మర్చిపోయిన రోజు, హడావుడిగా బయల్దేరిన రోజు ఇది పనిచేస్తుందా?

ఈ ప్రశ్నతో చూస్తే సగం పోలికలు వాటంతటవే తేలిపోతాయి. కొన్నిట్లో చవకది గెలుస్తుంది, కొన్నిట్లో ఖరీదైనదే గెలుస్తుంది. ఒకటి రెండు చోట్ల మాత్రం మీరు తొక్కే రోడ్డును బట్టి సమాధానం మారిపోతుంది.

లైట్లు: బ్యాటరీదా, డైనమోదా?

ముందు లైటుకి రెండు పనులుంటాయి. మీకు దారి చూపించడం ఒకటి, ఎదుటివాళ్లకి మిమ్మల్ని చూపించడం రెండోది. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్లే ఎంపికలో గందరగోళం వస్తుంది. వీధి దీపాలున్న రోడ్డు మీద దారి ఎలాగూ కనిపిస్తుంది, మీరు కనిపిస్తే చాలు. దానికి 100 నుంచి 200 ల్యూమెన్ల (లైటు మొత్తంగా చిమ్మే వెలుగు కొలత) లైటు సరిపోతుంది. దీపాల్లేని రోడ్డు మీద గుంటను కాస్త ముందే చూసి తప్పుకోవాలంటే 400 నుంచి 800 దాకా కావాలి. అడవి దారుల్లో రాత్రిపూట తొక్కేవాళ్లు ఇంకా పైకి వెళ్తారు.

ల్యూమెన్ల అంకె ఒక్కటే చూసి కొనకండి. పైపులోంచి వచ్చే నీళ్లు మొత్తం ల్యూమెన్లయితే, మొక్క మొదట్లో పడినవి, అంటే రోడ్డు మీద నిజంగా పడే వెలుగు, లక్స్. టార్చిలైటులా గుండ్రంగా వెలుగు చిమ్మే లైటులో సగం వెలుగు ఆకాశంలోకీ, ఎదురొచ్చేవాళ్ల కళ్లలోకీ పోతుంది. జర్మనీలో సైకిల్ లైట్లకి ప్రత్యేక నిబంధనలున్నాయి. వాటి ప్రకారం తయారైన లైటు వెలుగు కారు లైటులాగే పైన ఒక గీత దగ్గర ఆగిపోయి, మిగతాదంతా రోడ్డు మీద పరుచుకుంటుంది. అలాంటి లైటు తక్కువ ల్యూమెన్లతోనే ఎక్కువ రోడ్డు చూపిస్తుంది. తారు రోడ్డుకి నేను దానికే ఓటు వేస్తాను. చెట్ల కొమ్మలు తల ఎత్తున ఉండే మట్టి దారులకైతే గుండ్రటి వెలుగే మంచిది, ఎందుకంటే అక్కడ పైన ఏముందో కూడా కనిపించాలి.

ఇక కరెంటు ఎక్కణ్నుంచి అన్న ప్రశ్న. పాతకాలంలో టైరుకి రాసుకుంటూ కీచుమనే డైనమో గుర్తున్నవాళ్లు ఆ మాట వినగానే మొహం చిట్లిస్తారు. ఇప్పటి డైనమో ముందు చక్రం నడిమి భాగమైన హబ్బులోనే ఉంటుంది. చప్పుడు లేదు, తొక్కడానికి పడే అదనపు బరువు చాలామందికి తెలియనంత తక్కువ. 6 వోల్టులు, 3 వాట్లు అన్నది వీటికి పాతనుంచీ ఉన్న లెక్క. బల్బుల కాలంలో ఆ మూడు వాట్లకి వచ్చిన వెలుగు అంతంతమాత్రం. ఎల్ఈడీలు వచ్చాక అదే మూడు వాట్లతో చీకటి రోడ్డు హాయిగా కనిపిస్తోంది. సిగ్నల్ దగ్గర ఆగినా లైటు వెంటనే ఆరిపోకుండా లోపలి కెపాసిటర్ కొన్ని నిమిషాలు వెలిగిస్తుంది. దీన్లో ఇబ్బందులూ ఉన్నాయి. చక్రాన్ని ఆ హబ్బుతో కొత్తగా కట్టించాలి. ఒక సైకిల్ నుంచి ఇంకో సైకిల్‌కి మార్చడం తేలిక కాదు. నిట్టనిలువు ఎత్తు మీద నెమ్మదిగా ఎక్కుతుంటే వెలుగు తగ్గుతుంది.

రోజూ ఒకే సైకిల్ మీద పనికి వెళ్లి చీకటిపడ్డాక ఇంటికొచ్చేవాళ్లకి డైనమోని మించింది లేదు. స్విచ్చి వేయడం కూడా గుర్తుంచుకోనక్కర్లేదు. వారానికోసారి సరదాగా తొక్కేవాళ్లకి అంత ఖర్చు దండగ, బ్యాటరీ లైటు చాలు.

బ్యాటరీ లైటు కొనేటప్పుడు పెట్టె మీద అంకెల్ని జాగ్రత్తగా చదవాలి. "1000 ల్యూమెన్లు, 30 గంటలు" అని పక్కపక్కనే రాస్తారు గానీ ఆ రెండూ ఒకేసారి రావు. వెయ్యి ల్యూమెన్ల దగ్గర గంటో, గంటన్నరో వెలిగే లైటు, బాగా తగ్గించిన వెలుగులో ముప్పై గంటలు వెలుగుతుంది. వేడెక్కితే వెలుగును తనంతట తానే తగ్గించుకునేవీ ఉన్నాయి. మీరు వాడే వెలుగు దగ్గర ఎన్ని గంటలొస్తుందో చూసుకుని, దాన్ని మీ ప్రయాణానికి రెట్టింపు ఉండేలా ఎంచుకోండి. బ్యాటరీ పాతబడేకొద్దీ ఆ గంటలు ఎలాగూ తగ్గుతాయి. సెల్ విప్పి మార్చుకునే వీలున్న మోడల్ దొరికితే అదే తీసుకోండి. సీలు చేసిన లైటులో సెల్ చచ్చిపోతే లైటు మొత్తం పారేయాల్సిందే.

వెనక లైటు సంగతి వేరు. అది ఆరిపోయినా మనకి తెలియదు. అందుకని ఒక ఖరీదైన లైటు కంటే రెండు మామూలు లైట్లు మేలు. ఒకటి సీటు కింద, ఇంకోటి క్యారియర్‌కో హెల్మెట్‌కో. ఒకటి మినుకుమినుకుమంటూ, ఒకటి నిలకడగా. మినుకుమనేది త్వరగా కంటపడుతుంది, పగలు అదే మంచిది. కానీ చీకట్లో అదొక్కటే ఉంటే వెనకవాళ్లకి మీరెంత దూరంలో ఉన్నారో అంచనా దొరకదు. నిలకడ లైటు ఆ లోటు తీరుస్తుంది.

పగలు లైటెందుకు అనేవాళ్లకి ఒక మాట. డెన్మార్క్‌లోని ఓడెన్సె నగరంలో 2004-05లో దాదాపు నాలుగు వేల మంది సైకిలిస్టులతో ఒక ప్రయోగం చేశారు. చక్రాలకి అయస్కాంతాలు బిగించి, బ్యాటరీ లేకుండా, పగలూ రాత్రీ ఎప్పుడూ వెలిగే లైట్లు కొందరికి ఇచ్చారు. అవి ఉన్నవాళ్లకి గాయాలయ్యే ప్రమాదాలు 19 శాతం తక్కువ జరిగాయి. నాకు ఇక్కడ అంకెకన్నా ఆ లైటు తీరు ఎక్కువ నచ్చింది. దానికి స్విచ్చి లేదు.

మెరిసే జాకెట్టా, కాలికి పట్టీనా?

పసుపుపచ్చ ఫ్లోరసెంట్ రంగు ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని తీసుకుని కంటికి కనిపించే వెలుగుగా మారుస్తుంది. అందుకే పగలు, ముఖ్యంగా మబ్బుపట్టినప్పుడూ సాయంసంధ్యలోనూ అంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చీకటిపడ్డాక ఆ కిరణాలుండవు, అప్పుడది మామూలు లేత రంగు బట్ట. రాత్రికి కావలసింది వచ్చిన వెలుగును వచ్చిన వైపుకే తిప్పి పంపే రిఫ్లెక్టివ్ పట్టీ. రెండూ ఉన్న జాకెట్లుంటాయి, రెండూ ఉన్నట్టు కనిపించి ఒకటే ఉన్నవీ ఉంటాయి. కొనేముందు చీకటి గదిలో ఫోన్ ఫ్లాష్ వేసి ఒక ఫొటో తీస్తే బండారం బయటపడుతుంది.

ఒక్కటే కొనగలిగితే జాకెట్ వదిలేసి చీలమండలకి రిఫ్లెక్టివ్ పట్టీలు కొనండి. తొక్కుతున్నప్పుడు పాదాలు పైకీ కిందకీ కదులుతాయి. ఆ కదలికని చూడగానే అక్కడున్నది సైకిల్ మీద మనిషని డ్రైవరు మెదడు గుర్తుపట్టేస్తుంది. జాకెట్‌కి తోడు మోకాళ్లకీ చీలమండలకీ పట్టీలుంటే ఒట్టి జాకెట్ వేసుకున్నవాళ్లకన్నా ఎక్కువగా గుర్తుపడతారని ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధనల్లో తేలింది. పైగా వీపు మీద బ్యాగు వేసుకుంటే జాకెట్ సగం కప్పుకుపోతుంది, కాళ్లని ఏదీ కప్పదు. ప్యాంటు అంచు చైనులో పడకుండా ఆపడం అదనపు లాభం. పక్కనుంచి వచ్చేవాళ్లకి కనిపించాలంటే మాత్రం అంచున రిఫ్లెక్టివ్ గీత ఉన్న టైర్లో, స్పోకులకి తగిలించే గొట్టాలో కావాలి. ఒకసారి తగిలిస్తే ఇక మర్చిపోవచ్చు.

అద్దమా, రాడారా?

ఈ మధ్య సైకిల్ వాళ్ల మధ్య ఎక్కువ వాదన నడిచేది దీని మీదే.

రాడార్ వెనక లైటు అన్న ఆలోచనని బజారులోకి తెచ్చింది ఒక చిన్న స్వీడన్ కంపెనీ. 2015లో దాన్ని జీపీఎస్ పరికరాలు చేసే గార్మిన్ కంపెనీ కొనేసింది, వేరియా పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. ఇప్పుడు వేరే కంపెనీలవీ దొరుకుతున్నాయి. వెనక దాదాపు 140 మీటర్ల దూరం నుంచి, మీకంటే వేగంగా దగ్గరికొస్తున్న వాహనాన్ని పట్టుకుని, హ్యాండిల్ మీది తెరపై చుక్కగా చూపిస్తుంది, బీప్ కొడుతుంది. చెవుల్లో గాలి హోరు వినిపించే వేగంలో, చప్పుడు చేయని ఎలక్ట్రిక్ కార్లు తిరిగే రోడ్ల మీద దీని విలువ తెలుస్తుంది. ఎప్పుడో ఒక బండి వచ్చే పల్లె రోడ్డు మీదైతే మనసుకి పెద్ద ఊరట. వెనక ఎవరొస్తున్నారో అన్న టెన్షన్ పోయి చుట్టూ చూస్తూ తొక్కొచ్చు.

దానికి తెలియనివి కూడా తెలుసుకోవాలి. ఏదో వస్తోందని చెబుతుంది గానీ అది మోటార్‌సైకిలో లారీనో ఖచ్చితంగా చెప్పదు. మీకు చోటు వదిలి వెళ్తుందో లేదో చెప్పదు. కారు మీ వెనకే మీ వేగంతోనే వస్తుంటే, మీకూ దానికీ మధ్య వేగంలో తేడా సున్నా కాబట్టి, చాలా మోడళ్లలో అది తెర మీంచి మాయమవుతుంది. ఊళ్లో రద్దీలో అయితే ఆగకుండా మోగే బీప్‌కి అర్థమే ఉండదు. ఇవన్నీ ఒక ఎత్తు, దీని అసలు బలహీనత ఇంకొకటుంది. రాడార్ మౌనంగా ఉంటే వెనక ఎవరూ లేరనైనా అర్థం, బ్యాటరీ అయిపోయిందనైనా అర్థం. కనెక్షన్ పోయిందని తెర మీద సందేశం వస్తుంది నిజమే. కానీ బీప్‌కి అలవాటుపడిన మనిషి తెర వైపు చూడటం మానేస్తాడు. ఉదాహరణకి వేరియాలో బాగా వాడుకలో ఉన్న మోడల్ పగటి ఫ్లాష్‌లో 16 గంటల దాకా వస్తుంది, లైటు నిలకడగా వెలిగిస్తే 6 గంటలే. దూరప్రయాణాల్లో ఈ తేడాయే కొంప ముంచుతుంది.

అద్దానికి ఈ గొడవలేవీ లేవు. హ్యాండిల్ చివర బిగించే అద్దం నిలకడగా ఉంటుంది, మొదటి రోజునుంచే వాడొచ్చు. గోడకి ఆనించినప్పుడల్లా పక్కకి తిరిగిపోవడం దాని రోగం. గతుకుల రోడ్డు మీద వణుకుతుంది కూడా. కళ్లద్దాలకో హెల్మెట్‌కో తగిలించే చిన్న అద్దం చూడ్డానికి వింతగా ఉంటుంది, అలవాటవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఒకసారి అలవాటైతే తల కాస్త తిప్పి వెనకంతా చూడొచ్చు, ఏ సైకిల్ ఎక్కినా మీతోనే వస్తుంది. ఏ అద్దమైనా ఉబ్బెత్తుదైతే అందులో బండ్లు ఉన్న దూరం కంటే ఎక్కువ దూరంలో కనిపిస్తాయన్నది మర్చిపోకూడదు.

నా లెక్కలో ఊళ్లో తొక్కేవాళ్లకి అద్దం. డబ్బుంటే, ఊరు దాటి ఖాళీ రోడ్ల మీద గంటల తరబడి తొక్కితే, అద్దంతో పాటు రాడార్. అద్దం లేకుండా రాడార్ ఒక్కటే పెట్టుకోవడం నాకు నచ్చదు. రాడార్ కూత విన్నాక వచ్చేది ఏమిటో, ఎలా వస్తోందో చూడాలంటే మెడ తిప్పాల్సిందే. తిప్పినప్పుడు హ్యాండిల్ కూడా అటే లాగుతుంది. వరస మారేటప్పుడు మాత్రం రెండూ ఉన్నా భుజం మీదుగా ఒకసారి చూడాల్సిందే. ఆ చూపుతో మీరు తిరగబోతున్నారని వెనకవాళ్లకి కూడా తెలుస్తుంది.

హెల్మెట్: ఎక్కువ డబ్బుకి ఏమొస్తుంది?

ఎక్కువగా వచ్చేవి తక్కువ బరువు, మంచి గాలి, అందం. భద్రత ధరతో పాటు పెరుగుతూ పోదు. యూరప్‌లో ఈఎన్ 1078, అమెరికాలో 1999 నుంచి తప్పనిసరి చేసిన సీపీఎస్‌సీ ప్రమాణం ఉన్నాయి. వీటిలో ఏదో ఒక ముద్ర ఉన్న హెల్మెట్, ఎంత చవకదైనా, ఆ పరీక్ష దాటిందే. చదునైన దిమ్మె మీద యూరప్ పరీక్షలో సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి, అమెరికా పరీక్షలో రెండు మీటర్ల నుంచి పడేస్తారు. ఏ ముద్రా లేనిది ఎంత అందంగా ఉన్నా వద్దు.

ఈ పాత పరీక్షలు తల తిన్నగా తగిలే దెబ్బనే కొలుస్తాయి. సైకిల్ మీంచి పడ్డప్పుడు తల సాధారణంగా ఏటవాలుగా నేలకి తగిలి మెలి తిరుగుతుంది. ఆ మెలికని తగ్గించడానికి స్వీడన్‌లో పుట్టిందే మిప్స్. హెల్మెట్ లోపల పలుచని ఒక పొర 10 నుంచి 15 మిల్లీమీటర్లు జారేలా అమరుస్తారు. ఇదే పనికి వేరే పద్ధతులు వాడే కంపెనీలూ ఉన్నాయి. అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం 2018 నుంచి సైకిల్ హెల్మెట్లకి నక్షత్రాలతో రేటింగ్ ఇస్తోంది. ఏటవాలు దెబ్బల్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఆ పట్టికలో చవకైన హెల్మెట్లకీ ఐదు నక్షత్రాలు వచ్చిన సందర్భాలున్నాయి. అందుకని షాపు వాళ్లని అడిగేముందు అది చూడటం మంచిది.

రెండు హెల్మెట్ల మధ్య తేల్చుకోలేకపోతే, మీ తలకి బాగా కూర్చున్నది తీసుకోండి. కనుబొమ్మలకి రెండు వేళ్లు పైన అంచు ఉండాలి. పట్టీలు చెవి కింద కలవాలి. పట్టీ వదులుగా ఉంచి తల ఊపితే హెల్మెట్ కదలకూడదు. నుదుటి వెనక్కి నెట్టేసి టోపీలా పెట్టుకుంటే ఐదు నక్షత్రాలూ వృథా. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ని, పైకి బాగానే కనిపించినా, మార్చేయాలి. లోపలి నురగ నలిగితే మళ్లీ పొంగదు. సెకండ్‌హ్యాండ్ హెల్మెట్ కొనకూడదనేది కూడా అందుకే. గంటకి 45 కిలోమీటర్ల దాకా వెళ్లే ఎలక్ట్రిక్ సైకిళ్ల వాళ్లు మాత్రం నెదర్లాండ్స్‌లో రూపొందిన ఎన్‌టీఏ 8776 ప్రమాణం ముద్ర ఉన్నది వెతుక్కోవాలి.

లైట్లు, స్పీకరు, పడిపోతే ఇంటికి సందేశం పంపే సెన్సరు అన్నీ కలిపిన స్మార్ట్ హెల్మెట్ల మీద నాకు మోజు లేదు. ఏదో ఒక రోజు హెల్మెట్ మార్చక తప్పదు, అప్పుడు అవన్నీ దానితోపాటు పోతాయి.

ఫోనా, సైకిల్ కంప్యూటరా?

చేతిలో ఫోన్ ఉండగా వేరే కంప్యూటర్ ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే. మ్యాపు, వేగం, దూరం అన్నీ ఫోనే చూపిస్తుంది. కానీ తెర వెలుగుతూ ఉంటే బ్యాటరీ కరిగిపోతుంది. ఎండలో వేడెక్కి తెర మసకబారుతుంది. వాన చినుకులు తగిలితే తెర తనే ఏదేదో నొక్కుకుంటుంది. మోటార్‌సైకిల్ ఇంజిన్ల అదురు వల్ల ఐఫోన్ కెమెరాలు దెబ్బతినొచ్చని ఆపిల్ 2021లో హెచ్చరించింది. సైకిల్ అదురు దానంత కాదు గానీ, గతుకుల రోడ్డు మీద రోజూ తొక్కేవాళ్లు అదురును మింగే స్టాండు పెట్టుకోవడం మంచిది. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ఏదైనా జరిగితే ఎవరికైనా కాల్ చేయాల్సింది ఆ ఫోన్‌తోనే. అది హ్యాండిల్ మీదే పగిలిపోయినా, ఛార్జింగ్ అయిపోయినా కష్టం.

జీపీఎస్ కంప్యూటర్ తెర ఎండలోనే ఇంకా బాగా కనిపించే రకం. చాలావాటికి బటన్లుంటాయి, గ్లవ్స్‌తో నొక్కొచ్చు. మామూలు మోడళ్లు కూడా పది గంటలు దాటి వస్తాయి. రాడార్, గుండె వేగం కొలిచే పట్టీ వంటివి కలపాలంటే ఏఎన్‌టీ ప్లస్, బ్లూటూత్ అనే తీగలేని పద్ధతులు రెండూ ఉన్నది తీసుకోండి.

కొత్త దారుల్లో దూరం వెళ్లేవాళ్లకి మ్యాపున్న కంప్యూటర్ కొనమంటాను. తెలిసిన దారిలో తొక్కుతూ వేగం, దూరం చూసుకోవాలనుకుంటే స్పోకుకి అయస్కాంతం పెట్టే పాతరకం మీటరు చాలు. గుండీ అంత బ్యాటరీతో నెలల తరబడి నడుస్తుంది. ఎప్పుడైనా ఒకసారి కొత్త చోటికి వెళ్లేవాళ్లు ఫోన్‌ని జేబులో పెట్టుకుని దారి చెప్పే గొంతు వింటే సరి. వినడానికి చెవి మూసేసే ఇయర్‌ఫోన్ కాకుండా చెవిని తెరిచి ఉంచి ఎముక ద్వారా శబ్దం పంపే బోన్ కండక్షన్ రకం వాడండి. అదీ మీ దగ్గర చట్టం ఒప్పుకుంటేనే. రద్దీలో పాటలు మాత్రం ఏ రకంతోనూ వద్దు.

టైర్లు, పంక్చర్లు, పంపు

గ్యాడ్జెట్ల జాబితాల్లో టైర్లు కనిపించవు. నన్నడిగితే ఉన్న డబ్బంతా ఒకేచోట పెట్టాల్సొస్తే టైర్ల మీదే పెట్టమంటాను. నేలకి తగిలేది అదొక్కటే. బ్రేకు పట్టేదీ, తడి రోడ్డు మీద నిలబెట్టేదీ, ఒళ్లు నొప్పులు తగ్గించేదీ అదే. ఫ్రేములో చోటున్నంత వెడల్పు టైరు వేసుకుని గాలి కాస్త తగ్గించి తొక్కి చూడండి. సన్నటి టైరును రాయిలా నింపితేనే వేగం వస్తుందన్న నమ్మకం గతుకుల రోడ్డు మీద నిలవదు. ప్రతి గతుక్కీ సైకిల్ ఎగిరిపడితే శక్తి అక్కడే ఖర్చవుతుంది.

పంక్చర్లు తప్పించుకోవడానికి మూడు దారులున్నాయి. మొదటిది మందపాటి రక్షణ పొర ఉన్న టైరు. ష్వాల్బే కంపెనీ మారథాన్ ప్లస్‌లో తొక్క కింద 5 మిల్లీమీటర్ల రబ్బరు పొర ఉంటుంది. బరువెక్కువ, రిమ్ముకి ఎక్కించేటప్పుడు బొటనవేళ్లు నొప్పెడతాయి, తొక్కుతుంటే కొంచెం మొద్దుగా అనిపిస్తుంది. బదులుగా పంక్చర్ అన్న మాటే చాలాకాలం మర్చిపోవచ్చు. రెండోది ట్యూబ్‌లెస్. లోపల పోసిన ద్రవం చిన్న రంధ్రాల్ని తనే పూడ్చేస్తుంది, తక్కువ గాలితో మెత్తగా తొక్కొచ్చు. కానీ ఆ ద్రవం ఎండిపోతుంది, వాతావరణాన్ని బట్టి రెండు మూడు నెలల నుంచి ఆరు నెలల్లోపు మళ్లీ పోయాలి. నెలల తరబడి మూల నిలబడే సైకిల్‌కి ట్యూబ్‌లెస్ పెట్టించడం అనవసరపు తలనొప్పి. మూడోది టీపీయూ అనే పలుచని ప్లాస్టిక్‌తో చేసిన ట్యూబు. మామూలు ట్యూబులో సగం బరువు కూడా ఉండదు, పిడికిట్లో ఇమిడిపోతుంది. దీనికి మామూలు ప్యాచీలు అతకవు. నేనైతే దీన్ని టైరులో వేయకుండా బ్యాగులో స్పేరుగా పెట్టుకోమంటాను. ఈ మూడింటిలో రోజూ పనికి వెళ్లేవాళ్లకి మొదటిదే, మట్టి దారుల వాళ్లకి రెండోదే సరిపోతుంది.

పంపుల్లోనూ ఇదే కథ. చేతి పంపుతో ఒళ్లు అలుస్తుంది, వందల సార్లు కొట్టాలి. కానీ అందులో అయిపోయేదేమీ లేదు. చిన్న రబ్బరు గొట్టం ఉన్నది తీసుకుంటే వాల్వు వంగిపోదు. కార్బన్ డయాక్సైడ్ గొట్టం కొన్ని సెకన్లలో టైరు నింపేస్తుంది, పోటీల్లో ఉన్నవాళ్లకి అదే కావాలి. 16 గ్రాముల గొట్టం సన్నటి టైరుకి సరిపోతుంది, గురి తప్పితే మాత్రం మళ్లీ ఛాన్సు లేదు. పైగా ఆ వాయువు రబ్బరు ట్యూబులోంచి మామూలు గాలికంటే త్వరగా జారిపోతుంది. మర్నాటికి టైరు మెత్తబడి ఉంటుంది, మళ్లీ గాలి కొట్టాలి. కొన్ని ట్యూబ్‌లెస్ ద్రవాలు ఆ చల్లటి వాయువు తగిలితే ముద్ద కట్టేస్తాయి కూడా. ఇక బుల్లి ఎలక్ట్రిక్ పంపు. చప్పుడెక్కువ, వేడెక్కుతుంది, చిన్నవాటితో ఒకటి రెండు టైర్లే. అయినా మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకీ, చేతి పంపు గట్టిగా కొట్టలేనివాళ్లకీ ఇది నిజంగా మంచి వస్తువు. దాన్ని ఎవరైనా వేళాకోళం చేస్తే పట్టించుకోకండి. ఛార్జింగ్ చూసుకోవడం ఒక్కటే పెట్టుకోవాల్సిన అలవాటు. ఏది కొన్నా మీ వాల్వు సన్నటి ప్రెస్టానా, కారు టైరులాంటి ష్రేడరా అన్నది ముందు చూసుకోండి.

దారి కోసం ఏది ఎంచుకున్నా, ఇంట్లో కాళ్లతో తొక్కిపట్టి కొట్టే పెద్ద పంపు, ప్రెషర్ మీటరున్నది, ఒకటుండాలి. అన్నిటికంటే ఎక్కువసార్లు చేతికొచ్చేది అదే.

పెడళ్లు, సీటు, చేతులు

బూటుని పెడల్‌కి బిగించే పద్ధతిని లుక్ కంపెనీ 1984లో తెచ్చింది. మరుసటి ఏడాది ఫ్రాన్స్ సైకిల్ రేసర్ బెర్నార్డ్ హీనో ఆ పెడళ్లతోనే టూర్ డి ఫ్రాన్స్ గెలిచాక అందరూ అటు తిరిగారు. గంటల తరబడి ఒకే వేగంతో తొక్కేవాళ్లకి అవి బాగుంటాయి. మాటిమాటికీ కాలు దించాల్సిన ఊళ్లో మేకుల్లాంటి పిన్నులున్న చదును పెడల్ నాకు మేలనిపిస్తుంది. ఏ చెప్పులతోనైనా తొక్కొచ్చు, ఆగగానే కాలు నేల మీద ఉంటుంది. బిగించేవే కావాలనుకుంటే రెండు బోల్టుల రకం తీసుకోండి, ఆ బూట్లతో నడవొచ్చు. మొదట్లో స్ప్రింగు బాగా వదులు చేసుకుని గడ్డి మీద సాధన చేయండి.

సీటు ఎంత మెత్తగా ఉంటే అంత సుఖమనుకుంటారు. అది పావుగంట ప్రయాణానికే నిజం. దూరం పెరిగేకొద్దీ మెత్తటి జెల్ కూరుకుపోయి, నొక్కకూడని చోట నొక్కుతుంది. కూర్చునే ఎముకల వెడల్పుకి సరిపోయే, కొంచెం గట్టి సీటు, దానిమీద ప్యాడున్న నిక్కరు. ఆ నిక్కరు లోపల ఇంకేమీ వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుంటాయి. గ్లవ్స్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పడితే ముందు నేలకి ఆనేది అరచెయ్యే, కాబట్టి వేసుకోండి.

తాళం

కేబుల్ తాళం చేతి కట్టర్‌తో తెగిపోతుంది. అది ముందు చక్రానికి రెండో తాళంగా పనికొస్తుంది తప్ప దానిమీద సైకిల్ వదిలి వెళ్లలేం. యూ ఆకారపు తాళం బరువుకి తగ్గ భద్రత ఇస్తుంది. అందులోనూ చిన్నదే మంచిది. లోపల ఖాళీ తక్కువైతే జాకీ దూర్చి విరగ్గొట్టడానికి చోటుండదు. చైను దేనికైనా చుట్టొచ్చు, కానీ గట్టి చైను మోయడం శిక్ష. రోజూ ఒకేచోట నిలిపేవాళ్లు దాన్ని అక్కడే వదిలేస్తే సరి. మడిచే తాళం మోయడానికి హాయి, బలంలో మధ్యస్తం. బ్రిటన్‌లో సోల్డ్ సెక్యూర్ అనే సంస్థ తాళాల్ని పరీక్షించి కాంస్యం, వెండి, బంగారం, వజ్రం అని శ్రేణులిస్తుంది. కంపెనీ తన పెట్టె మీద తనే వేసుకునే అంకెలకన్నా ఆ గుర్తు నమ్మదగింది.

సీటు కింద ట్రాకర్ ట్యాగు దాచేవాళ్లున్నారు. అది దొంగతనాన్ని ఆపదు, సైకిల్ ఎటు పోయిందో చెబుతుంది. పరాయి ట్యాగు వెంట వస్తోందని ఫోన్లు హెచ్చరిస్తాయి కాబట్టి, దొంగ చేతిలో ఫోనుంటే అతనికీ తెలిసిపోవచ్చు. తాళానికి తోడుగా అయితే సరే, బదులుగా వద్దు.

కొనక్కర్లేనివి

రోడ్డు మీద ఎర్రటి లేజరు గీతలు గీసే లైట్లు పగలు కనిపించవు, రాత్రి ఆ గీతలు ఏమిటో వెనకవాళ్లకి అర్థం కాదు. జాకెట్ మీద మెరిసే ఇండికేటర్ బాణాలు దగ్గరికొస్తే తప్ప ఎటు చూపిస్తున్నాయో తెలియవు, చాచిన చెయ్యి దూరం నుంచే తెలుస్తుంది. కెమెరా ప్రమాదాన్ని ఆపదు. తర్వాత బీమా గొడవల్లో సాక్ష్యంగా పనికొస్తుంది, అలాంటి అవసరం పడే రోడ్ల మీద తొక్కేవాళ్లు దాన్ని కొనుక్కోవచ్చు. కారు హారన్ అంత గట్టిగా మోగే ఎలక్ట్రిక్ హారన్‌ని నడిచేవాళ్ల పక్కన వాడితే వాళ్లు ఉలిక్కిపడి మీ దారికే అడ్డంగా దూకుతారు. వాళ్లకి ఇత్తడి బెల్లు చాలు. అద్దాలు ఎత్తి ఉన్న కారులోకి ఆ బెల్లు వినిపించదు. అక్కడ హారన్ వెతుక్కునే వేలు బ్రేకు మీద ఉంటేనే ఉపయోగం.